జనరల్ బోగీలో స్క్వాడ్

అన్నవరం కొండ మీద మా పెద్దమ్మ మనవడి పెళ్లి. రిజర్వేషన్ దొరకలేదు. విజయవాడలో విశాఖ వైపు వెళ్లే పగటి సూపర్‌ఫాస్ట్‌కి జనరల్ టికెట్లు తీసుకుని నేనూ మా బావగారూ ఎక్కాం. ఆయన ప్లీడరు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, ఈ సంగతి తర్వాత పనికొస్తుంది. పెళ్లిళ్ల సీజన్లో జనరల్ బోగీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. సామాన్లు పెట్టే బల్ల మీద కూడా నలుగురు కూర్చున్నారు.

తాడేపల్లిగూడెంలో టికెట్లు తనిఖీ చేసే స్క్వాడ్ ఎక్కింది. రెండు తలుపుల దగ్గరా చెరో టీటీఈ, వెనకాల ఒక ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్. నల్ల కోటు కనబడగానే కొందరికి నిద్ర ముంచుకొచ్చింది. కాలేజీ కుర్రాడొకడు బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాడు. మా వైపు టీటీఈ ఏమాత్రం కంగారు పడలేదు. తలుపు మీద పెన్నుతో రెండుసార్లు కొట్టి, "తమ్ముడూ, నేను నిడదవోలు దాకా ఇక్కడే ఉంటాను, నిదానంగా రా" అన్నాడు. కుర్రాడు బయటికొచ్చి "పాస్ ఇంట్లో మర్చిపోయాను సార్" అని మొదలుపెట్టి, అది పారకపోయేసరికి ఫోన్ తీసి జరిమానా కట్టేశాడు. టెన్షన్ లేదు, సిగ్గు లేదు. "ఈ ఏడాదిలో దొరకడం ఇదే ఫస్టు. నెలనెలా పాస్ తీసుకోవడం కంటే ఇదే చవక" అని పక్కవాడితో అంటుంటే చెవిన పడింది.

ఆకుకూరల సంచితో ఉన్న ఒక మామ్మ దగ్గర టికెట్ ఉంది గానీ అది మామూలు బండిది. సూపర్‌ఫాస్ట్‌కి ఇంకొంత కట్టాలి. "బండి బండే కదా నాయనా" అంది. రూలు ప్రకారం ఆవిడకీ 250 రూపాయల జరిమానా పడాలి. ఆయన టికెట్ తిరిగిచ్చేసి, "నిడదవోలులో దిగి వెనకొచ్చే పాసింజర్ ఎక్కు మామ్మా" అన్నాడు. తోడు లేని ఆడమనిషిని దారిలో దించాలంటే పగటిపూటే, అదీ జంక్షన్‌లోనో జిల్లా కేంద్రంలోనో దించాలని రైల్వే చట్టంలో ఉందని బావగారు నా చెవిలో చెప్పారు. నిడదవోలు జంక్షనే, ఎండ కూడా బాగానే ఉంది.

నాకు మనసులో నిలిచిపోయింది మాత్రం మూడో మనిషి. వడ్రంగి, భుజాన పనిముట్ల సంచి. అడక్కముందే లేచి నిలబడి, "సార్, టికెట్ లేదండి. రాజమండ్రికి ఒకటి రాయండి" అన్నాడు. మధ్యలో ఒక స్టేషన్‌లో ఎక్కాడట, పేరెందుకులెండి. కౌంటర్ దగ్గర లైన్ కదల్లేదు, బండి వచ్చేసింది. ఎక్కాక రైల్వే టికెట్ల యాప్ తెరిచాడు. పట్టాల దగ్గరున్నవాడికి అది టికెట్ ఇవ్వదు. బండెక్కాక బుక్ చేసుకునేవాళ్ల కోసం పెట్టిన అడ్డు అది. ఆ మెసేజ్ ఇంకా ఫోన్‌లో అలాగే ఉంది, చూపించాడు.

ఎక్కడ ఎక్కాడో రుజువు లేదు కాబట్టి బండి బయల్దేరిన చోటి నుంచి లెక్కగట్టారు. విజయవాడ నుంచి రాజమండ్రికి వంద రూపాయలు కూడా కాని టికెట్, పైన 250. మొత్తం 300 పైచిలుకు. డబ్బు లెక్కపెట్టి ఇస్తూ, "చెప్పినోడికీ దాక్కున్నోడికీ ఒకటే రేటాండీ?" అన్నాడు. టీటీఈ తలెత్తకుండా రసీదు రాస్తున్నాడు.

బావగారు ఊరుకుంటారా! "1989 రైల్వే చట్టం సెక్షన్ 55 చూడండి సార్. సిబ్బందికి ముందే చెప్పి, తర్వాత చార్జీ కడతానని అనుమతి పత్రం తీసుకుంటే జరిమానా పడదు కదా" అన్నారు. టీటీఈ నవ్వి, "ఆ సెక్షన్ తెలిసినవాడు టికెట్ కొనే ఎక్కుతాడండీ" అన్నాడు. నిడదవోలు రాగానే మామ్మ సంచి తనే అందుకుని దించాడు. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు, తన చేతిలో ఉన్నంత మేరకు చేశాడు.

కొవ్వూరు దాకా బోగీలో ఇదే చర్చ. జరిమానా వెయ్యి చెయ్యాలన్నారు ఒకరు, జైల్లో పెట్టాలన్నారు ఇంకొకరు. మోసం చేసి ప్రయాణిస్తే ఆరు నెలల దాకా జైలు ఇప్పుడూ ఉంది, ఆ కుర్రాణ్ణి అదేమీ భయపెట్టలేదు. జనరల్ బోగీలోకి టీటీఈ ఎప్పుడో పండక్కి పబ్బానికి వస్తాడని వాడికి తెలుసు. వారానికోసారి పట్టుకుంటే ఆ 250 రూపాయలే వాడి చేత పాస్ కొనిపిస్తాయి. వడ్రంగిలాంటి వాడికి బండిలోనే, మహా అయితే పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకుని, టికెట్ ఇచ్చేస్తే పోయిందేముంది? బస్సులో కండక్టర్ రోజూ చేసే పనే అది. టీటీఈల చేతికి రిజర్వేషన్ బోగీల చార్టు చూసుకునే మిషన్లు ఎలాగూ వచ్చాయి. ఇక రెండు నిమిషాలు ఆగే బండిలో గార్డు దగ్గరికి పరిగెత్తి అనుమతి పత్రం అడగమనడం కాగితం మీద బాగుంటుంది గానీ, పనిముట్ల సంచితో అయ్యే పనేనా?

గోదావరి దాటుతుంటే అందరూ కిటికీల వైపు తిరిగి చిల్లర వేసే పనిలో పడ్డారు. వడ్రంగి మాత్రం బావగారి దగ్గర పెన్ను అడిగి, రసీదు వెనక సెక్షన్ నంబరు రాయించుకున్నాడు. "ఈసారి లైన్లో ఇరుక్కుంటే గార్డుగారికి ఇదే చూపిస్తానండీ" అంటూ రాజమండ్రిలో దిగిపోయాడు.