దవడ విరిగాక గంజాయి మానడం

విశాఖపట్నంలో చదువుకుంటూ గంజాయికి అలవాటుపడిన నాకు, సరుకు బాకీ దగ్గర జరిగిన గొడవలో కుడి దవడ మీద బలమైన దెబ్బ తగిలింది. మత్తులో ఉండటంతో నొప్పి అంతగా తెలియలేదు. తెల్లవారాక చూసుకుంటే పై పళ్లకు కింది పళ్లు కలవడం లేదు, ఎడమవైపు కింది పెదవి మొద్దుబారింది. దవడ ఎముక గుర్రపు లాడంలా వంగి ఉంటుంది కనుక ఒకవైపు పడిన దెబ్బకు రెండోవైపు కూడా విరగవచ్చని, నాకు ఎడమవైపు జ్ఞానదంతం ఉన్న మూల దగ్గరా విరిగిందని డాక్టరుగారు ఎక్స్‌రేలో చూపించారు.

కొట్లాట దెబ్బ కావడంతో క్యాజువాల్టీలో మెడికోలీగల్ కేసు (పోలీసులకు తెలియజేసే కేసు) రాసుకున్నారు గానీ, మత్తు అలవాటు గురించి ఎవరూ అడగలేదు. ఆపరేషన్‌కు ముందు అమ్మను బయట కూర్చోబెట్టి, "గంజాయి ఆఖరిసారి ఎప్పుడు పీల్చావు బాబూ?" అని అడిగింది మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మగారే. పీల్చావా అని కాకుండా ఎప్పుడు అని అడగడం వల్ల జవాబు చెప్పడం నాకు తేలికైంది. గంజాయి వాడేవారిలో గుండె వేగం పెరగవచ్చని, శ్వాసనాళం తొందరగా రేగవచ్చని, మామూలు మోతాదు మత్తుమందు చాలకపోవచ్చని ఆమె వివరించారు.

విరిగిన చోట్ల టైటానియం ప్లేట్లు బిగించి, కొన్ని వారాల పాటు పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి కట్టేశారు. వాంతి వస్తే ఊపిరాడదు కనుక ఆ తీగలు కత్తిరించే కట్టర్ ఎప్పుడూ దగ్గరే ఉంచుకోమన్నారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. గంజాయి ఆపేస్తే నిద్ర పట్టదు, చెమటలు పడతాయి, చిరాకు పెరుగుతుంది, అన్నిటికీ మించి ఆకలి చచ్చిపోతుంది; ఎముక అతుక్కోవడానికి తిండి బాగా కావలసింది సరిగ్గా అప్పుడే. రాగి జావ, వడకట్టిన పప్పుకట్టు, మజ్జిగ సిరంజితో బుగ్గ సందులోంచి పోస్తూ అమ్మ, "ఇంకొక్క గుక్కరా నాన్నా" అని బతిమాలేది. కోపం వచ్చినా తిట్టడానికి నోరు తెరుచుకునేది కాదు, అదొక మేలు. పొగ తాగితే రక్తప్రసరణ తగ్గి గాయం ఆలస్యంగా మానుతుందని, చీము పట్టే ప్రమాదం కూడా ఉందని చెప్పడంతో సిగరెట్లు కూడా వదిలేశాను.

మత్తు అలవాటు మాన్పించే డీఅడిక్షన్ ఓపీకి వెళ్తే పోలీసులకు పట్టిస్తారేమోనని మొదట జంకాను. చికిత్సకు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వ్యసనపరులకు, తక్కువ మోతాదు కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే 64ఎ సెక్షన్ మాదకద్రవ్యాలను అరికట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉందని అక్కడి కౌన్సెలర్ చెప్పారు. 14446 అనే ఉచిత హెల్ప్‌లైన్ నంబరు కూడా ఆయనే రాసిచ్చారు.

ఇప్పుడు నోరు పూర్తిగా తెరుచుకుంటోంది. పెదవి స్పర్శ మాత్రం సగమే తిరిగి వచ్చింది. నరం కోలుకోవడానికి నెలలు పడుతుందట. దంతాల ఓపీ ఒకరోజు, డీఅడిక్షన్ ఓపీ ఇంకొకరోజు కావడంతో రెండింటికీ వేర్వేరు చీటీలతో తిరుగుతున్నాను. నాతోపాటు వార్డులో ఉన్న ఒక కుర్రవాడు దవడ చూపించుకుని వెళ్లిపోయాడే గానీ రెండో ఓపీ ముఖం చూడలేదు. ఆ రెండు విభాగాలూ ఒకేరోజు, ఒకే చీటీ మీద చూస్తే అటువంటివారిలో కొందరైనా చికిత్సకు నిలుస్తారని నా నమ్మకం.