జేబులో మాత్ర

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం మీద పడినప్పుడు మా తాత నాటిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. తర్వాత రెండు నెలలు దుంగలు నరకడం, మోయడం, విరిగిన జీడికొమ్మలు లాగడమే పని. నడుం పట్టేసింది. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఇంజెక్షన్ వేసి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రలు ఇచ్చాడు. గంటలో హాయిగా అనిపించింది. ఇక ఆయన దగ్గరికి వెళ్లే పనే లేకపోయింది, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేసేవారు. రోజుకు రెండు, ఒక్కోసారి మూడు మింగేవాణ్ణి. చొక్కా జేబులోని స్ట్రిప్ చెమటకు తడిసి, రాసుకుపోయి, దాని మీది అక్షరాలు చెరిగిపోయేవి. ఎండలో అంతసేపు ఉన్నా చెంబెడు నీళ్లు తాగితే ఎక్కువ.

సంక్రాంతికి వచ్చిన మా అప్ప గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏట్రా, మొకం అలా ఉబ్బిపోనాది?" అంది. అప్పుడు చూసుకున్నాను. చెప్పు పట్టీ నొక్కిన చోట పాదం మీద గాడి పడి, గంటైనా పోలేదు. మూత్రం రోజుకు ఒక్కసారి, అదీ కొద్దిగా. అన్నం వాసనకే వాంతి వచ్చేది.

రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 6.2. కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం అది, మామూలుగా ఒకటి దగ్గర ఉండాలి. ఆ మాట మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్కింటి మావయ్య, ఎదురింటి వదిన ఆ అంకె పెరుగుతూ పెరుగుతూనే పోయారు. నా వంతు వచ్చేసిందనుకున్నాను.

విశాఖలో డాక్టరమ్మ ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగింది. లేదన్నాను. నొప్పి మాత్రను మందుగా ఎన్నడూ లెక్కపెట్టలేదు మరి. మా ఆవిడే నా జేబులోంచి స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలను ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తెరిచి ఉంచుతాయట. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటి అవసరం ఇంకా ఎక్కువ. ఈ మాత్ర వాటిని తయారు కానివ్వదు. నొప్పి తగ్గేది అందుకే, కిడ్నీకి రక్తం తగ్గేదీ అందుకే. "మీ ఉద్దానం కిడ్నీ జబ్బుకు నీళ్లు కారణమా, ఎండా, పురుగుమందులా అన్నది ఇంకా తేలలేదు. నీకు ఇప్పుడు వచ్చింది మాత్రం చాలావరకు దీనివల్లే. త్వరగా వచ్చావు, కోలుకోవచ్చు" అంది. ఆ చివరి మాట పట్టుకునే బతికాను.

మెడ దగ్గర గొట్టం పెట్టి మూడుసార్లు డయాలసిస్ చేశారు. మా ఆవిడ మూత్రం ప్లాస్టిక్ జగ్గుతో కొలిచి చీటీ మీద రాసేది. 200, 250, మళ్లీ 200. తొమ్మిదో రోజు 1,400 మిల్లీలీటర్లు. ఆ అంకె రెండుసార్లు పైకి చదివి, మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. నాలుగు నెలలకు క్రియాటినిన్ 1.4 దగ్గర ఆగింది. పూర్తిగా మామూలుకు రాలేదు. ఉప్పు తగ్గించాను, నడుం నొప్పికి కాపడం పెట్టుకుంటాను, ఏ మాత్రైనా డాక్టరుకు చూపించాకే వేసుకుంటాను.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. ఇప్పుడు పరీక్షకు విశాఖ దాకా పోనక్కర్లేదు. కొబ్బరికాయలు దింపే మా మేనల్లుడు ఈమధ్య భుజం నొప్పికి వారం నుంచి అవే మాత్రలు వేసుకుంటున్నాడని తెలిసి, ఆ పూటే బండెక్కించి తీసుకెళ్లాను. దారంతా విసుక్కున్నాడు. రిపోర్టు వచ్చింది, 0.9. వాడి జేబులో మిగిలిన నాలుగు మాత్రలు నేనే తీసేసుకున్నాను.