రెండోసారి ఎక్కించుకునేదెవరు?

చెన్నైలో తెరచాప పడవలు నడిపే రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నాటిది. మన సెయిలర్ నేత్రా కుమనన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్లొచ్చింది. అయినా చెన్నైలో చాలామంది తెలుగువాళ్లకు సెయిలింగ్ అంటే బోటు షికారే. వాళ్ల తప్పేం లేదు. పడవలు హార్బర్ గోడ లోపల ఉంటాయి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించాలి. కంటికి కనపడని ఆటలోకి కొత్తవాళ్లు ఎలా వస్తారు?

అందుకే క్లబ్బులు పడవనే జనం దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లలు నేర్చుకునే చిన్న తెరచాప పడవ ఆప్టిమిస్ట్ 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు. ఇద్దరు మోసేయొచ్చు. ఉగాది రోజు అపార్ట్‌మెంట్ ఆవరణలో తెరచాప కట్టి నిలబెడితే పిల్లలు తామే ఎక్కి కూర్చుంటారు. తెరచాపను లాగి పట్టే షీట్ తాడు మాత్రం వదులుగా ఉంచండి. బిగించి కట్టేస్తే చిన్న గాలికే పడవ ఒరిగి పిల్లల మీద పడుతుంది.

ఇక పరిచయ దినం, అంటే కొత్తవాళ్లను నీళ్ల మీద పడవ ఎక్కించే రోజు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వద్దు, తుఫానుల కాలం. జనవరి, ఫిబ్రవరి మంచివి. ఎండాకాలంలో పెడితే, పడమటి గాలి పోయి సముద్రపు గాలి అందుకునే మధ్యలో పడవలు కదలకుండా నిలబడిపోతాయి. ఎండలో కూర్చున్నవాళ్లు మళ్లీ రారు. పడమటి గాలి కొత్తవాళ్లను ఒడ్డుకు దూరంగా నెడుతుంది కాబట్టి రెస్క్యూ బోటు ఎప్పుడూ గాలి వెళ్లే వైపునే ఉండాలి.

నాలుగు పడవలుంటే 24 మందిని పిలవండి, అంతకు మించి వద్దు. పడవకు ఇద్దరు కొత్తవాళ్లు, ఒక అనుభవజ్ఞుడు. 30 నిమిషాల విహారం, 10 నిమిషాల మార్పిడి, మూడు విడతలు: రెండు గంటల్లో అయిపోతుంది. అతిథులకు 16 లైఫ్ జాకెట్లు కావాలి. ఎనిమిది నీళ్ల మీద ఉంటే, తర్వాతి ఎనిమిది మంది ఒడ్డున తొడుక్కుని సిద్ధంగా ఉండాలి. తొడుక్కున్న జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే ఆ సైజు పెద్దది.

ప్రతి ఒక్కరి చేతికీ కనీసం ఐదు నిమిషాలు టిల్లర్, అంటే చుక్కాని తిప్పే కర్ర, ఇవ్వాలి. నా దృష్టిలో ఆ రోజుకు ప్రాణం ఇదే. ఊరికే కూర్చున్నవాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. చుక్కాని తిప్పినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు.

అసలు నష్టం ఆ తర్వాతే. "మళ్లీ రండి" అని పంపేస్తాం. సొంత పడవ లేదు, ఎవరిని అడగాలో తెలియదు, వాళ్లు ఆగిపోతారు. వెళ్లే ముందే రెండు వారాల్లోపు ఒక తారీఖు, తీసుకెళ్లే సభ్యుడి పేరు, ఫోన్ నంబరు చేతిలో పెట్టాలి. పెద్ద ప్రవేశ రుసుము అప్పుడే అడగొద్దు. మూడు నెలలకు ఆరు విహారాలంటూ చిన్న రుసుము చాలు. 90 రోజుల్లో మూడుసార్లు వచ్చినవాళ్లెందరో రాసుకోండి, సభ్యుల పట్టిక కంటే ఆ లెక్కే నిజం చెబుతుంది.

పిల్లలు చేజారేది 15 ఏళ్ల దగ్గర. ఆప్టిమిస్ట్ పోటీలకు వయసు దాటిపోతుంది, అదే సమయంలో పదో తరగతి, కోచింగ్. క్లబ్బు దగ్గర ఒక్కరే నడిపే ఐఎల్‌సీఏ రకం పడవ ఒక్కటున్నా నెట్టుకురావచ్చు. పడవ అదే, కింది స్తంభం, తెరచాప మారిస్తే తెరచాప వైశాల్యం 4.7 చదరపు మీటర్ల నుంచి 5.76కి, అక్కణ్నుంచి 7.06కి వెళుతుంది. పిల్లాడి బరువు పెరిగే కొద్దీ కొత్త పడవ కొనక్కర్లేదు. పరీక్షల ఏడాదికి ఆదివారం పొద్దున రెండు గంటలు వాళ్ల పేరున ఆ పడవను కేటాయించండి.