టీబీ తగ్గింది, చెరువుల లీజులు మాత్రం మళ్ళీ తీసుకోలేదు

మందుల కోర్సు అయిపోయి చాన్నాళ్ళైంది గానీ ఇప్పటికీ ఎవరు కనపడినా అడిగేది ఒకటే, ఒళ్ళు బాగుపడిందిగా మళ్ళీ రొయ్యల చెరువుల లీజులు ఎప్పుడు పడతావ్ అని. పట్టనండి అంటే నవ్వుతారు. మా బావైతే "ఇది శ్మశాన వైరాగ్యంరా, పక్కోడి చెరువులో రొయ్యల పట్టుబడి చూస్తే అదే పోద్ది" అనేశాడు. పోలేదు మరి.

మాది ఉండి దగ్గర ఊరు. సొంతం ఐదెకరాలు, లీజుకి ఇంకో ముప్పై ఐదు, అన్నీ వనామీ రకం రొయ్యల చెరువులే. రొయ్య పని తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు, రాత్రంతా నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, తెల్లారగట్ల నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి జనరేటర్ మొండికేసిందంటే పంట మొత్తం పైకి తేలిపోద్ది, అందుకని ఇంట్లో కంటే చెరువుగట్టు మీద మకాంలోనే ఎక్కువ పడుకునేవాణ్ణి. డబ్బులు మాత్రం బాగానే వచ్చాయి, లేదంటే కళ్ళు పోతాయి.

2024 వానాకాలం చివర్లో దగ్గు పట్టుకుంది. చలిగాలి, డీజిల్ పొగ అనుకున్నాం అందరం. సాయంత్రానికి సన్నగా జ్వరం, రాత్రి చెమటకి బనీను పిండుకోవాల్సొచ్చేది, ప్యాంటు నడుం దగ్గర జారిపోతోంది. రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించాల్సిందే అని మా ఆశా వర్కర్ ఇంటికొచ్చి మా ఆవిడ వెనక పడితే అప్పుడు వెళ్ళా. గవర్నమెంటు ఆస్పత్రిలో సీబీనాట్ అనే మిషన్ ఉంది, టీబీ ఉందా లేదా, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందా లేదా, రెండూ ఒకేసారి చెప్పేస్తుంది. నాకు ఉంది, మందు పనిచేస్తుంది.

ఆర్నెల్ల కోర్సు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన బిళ్ళలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి, రోజుకి ఎన్ని అనేది మన బరువుని బట్టి ఇస్తారు. మూత్రం ఎర్రగా నారింజ రంగులో వస్తే రక్తమే అనుకుని హడలిపోయా, ఆ రంగు రిఫాంపిసిన్ వల్లనంట, ముందే చెప్తే బాగుండేది. ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు, ఎవరికీ లేదు. తిండికని నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేశారు, అంతకుముందు ఐదొందలే ఉండేదంట.

ఇక సలహాలు. ఒకాయన పసరు అన్నాడు, ఇంకొకాయన ఒక స్వామి దగ్గరికి తీసుకెళ్తా ఈ బిళ్ళలెందుకు లివరు పాడు అన్నాడు. మా అమ్మ రోజూ రాముడి పటం దగ్గర దీపం పెట్టే మనిషి, ఆవిడే "రాముడి పేరు చెప్పి మాత్ర మానేస్తే రాముడికే చెడ్డపేరు" అని ఆయన్ని కాఫీ కూడా ఇవ్వకుండా పంపేసింది.

రెండు నెలలకి మళ్ళీ తెమడ చూసి నెగిటివ్ అన్నారు. అప్పుడే మా వీధిలోకి కోరుకొండ వడ్లు వచ్చాయి. తెలియనోళ్ళకి చెప్తున్నా, భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి తలంబ్రాల కోసం కోరుకొండ వైపు భక్తులు వడ్లు పండించి ఊళ్ళకి పంచుతారు, వాటిని మిల్లులో ఆడించకుండా గోళ్ళతో ఒలవాలి. నేను కూర్చోవచ్చా అని డాక్టర్ని అడిగా, ఇప్పుడు నీ నుంచి ఎవరికీ అంటదు కూర్చో అన్నారు. అయినా రామాలయం అరుగు మీద ఆ చివర కూర్చున్నా, జనం చూపులు తెలుసుగా. గింజని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మొన దగ్గర గోరుతో చీల్చి పొట్టు లాగాలి, కాస్త గట్టిగా నొక్కామా నూకైపోద్ది, నూక పనికిరాదు పక్కన పెట్టాలి. నోట్లో రామనామం, పూటంతా ఒలిస్తే చిన్న గ్లాసు నిండదు. టన్నుల్లో మాట్లాడేవాణ్ణి, ఒక్కో గింజ దగ్గర ఆగాల్సొచ్చింది, నిజం చెప్పాలంటే మొదట్లో చిరాకే. తర్వాత ఎప్పుడు మారిందో తెలీదు, మధ్యాహ్నం ఎవరూ పిలవకుండానే వెళ్ళి కూర్చునేవాణ్ణి, రాత్రి ఫోను పక్కన లేకుండా నిద్రపట్టేది. గడువు తీరిన లీజులు తీరినట్టే వదిలేశా.

2025 ఏప్రిల్లో, శ్రీరామనవమి ఇంకో నాలుగు రోజులుందనగా అమెరికా సుంకాలు ప్రకటించింది, మన రొయ్యకి పెద్ద మార్కెట్ అదే, ఇక్కడ కొనేవాళ్ళు వెంటనే రేటు దించేశారు. అప్పుడు మాత్రం అందరూ "నిన్ను రాముడే ముందే బయటపడేశాడ్రా" అన్నారు. ఆ మాట నాకు అస్సలు నచ్చదండి. నన్ను బయటపడేసి మా బావని ముంచడానికి ఆయనేమన్నా రొయ్యల బ్రోకరా? రేటు పెరిగినా నేను వెళ్ళేవాణ్ణి కాదు. నాకు తెల్లారగట్ల గుడి కావాలి, శనివారం భజన కావాలి, ఆశా వర్కర్ పిలిస్తే కొత్తగా టీబీ వచ్చినోళ్ళింటికి వెళ్ళి మూత్రం రంగు సంగతి ముందే చెప్పే టైం కావాలి. నలభై ఎకరాలతో ఇవి కుదరవు, అంతే.

ఖర్చు లేకుండా ఏదీ రాదు లెండి. కారు అమ్మేశాం. మావాణ్ణి ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేద్దామనుకున్నది మానేసి భీమవరంలోనే చేర్పించాం, వాడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు, మా ఆవిడ కూడా ఈ విషయంలో వాడి వైపే.