గడప దగ్గర పది సెకన్లు

పదకొండున్నర దాటింది. నిద్ర పట్టట్లేదు. మధ్యాహ్నం మావయ్య అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"ఏటి బావా, చేతులు వణకట్లేదు కదా! మరింక జబ్బేటి? కాస్త గట్టిగా అడుగెయ్యి."

నాన్న గడప దగ్గర ఆగిపోయారు. కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు, ఓ పది సెకన్లు. మావయ్య వెనక నుంచి భుజం మీద చెయ్యేసి తోశాడు. నాన్న తూలితే నేను పట్టుకున్నాను. అసలు పొద్దున్నే మొదలైంది. ఎనిమిదింటి మాత్ర వేసుకోనివ్వకుండా పెసరట్లు పెట్టించాడు. "మాత్ర ఎక్కడికి పోద్ది?" అని. నాన్న పార్కిన్సన్స్ జబ్బుకి వేసుకునే ఆ మాత్ర, లెవోడోపా, తిండికి అరగంట ముందైనా పడాలి. పెసరపప్పులోని ప్రోటీనూ ఆ మందూ ఒంట్లో ఒకే దారి కోసం పోటీ పడతాయి. ఇది మావయ్యకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లు!

వణుకు లేకుండా కూడా పార్కిన్సన్స్ వస్తుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వణుకుడు పక్షవాతం అన్నాడు. అందుకేనేమో ఇప్పటికీ అందరూ ముందు చేతులే చూస్తారు. అసలు తేడా ఉన్నది మధ్య మెదడులో. విశాఖలో డాక్టరుగారు చీటీ వెనక బొమ్మ గీశారు: అటొకటి ఇటొకటి రెండు నల్ల చారలు, సబ్‌స్టాన్షియా నైగ్రా. అక్కడి కణాలు తయారుచేసే డోపమైన్ అనే రసాయనం అందకపోతే అడుగు మొదలవ్వదు, మొదలైనా చిన్నదైపోతుంది. ఆ కణాలు సగం దాకా పోయాక గానీ బయటికి తెలియదట. చనిపోయిన రోగుల మెదళ్లలో ఈ చారలు పాలిపోవడం 1919లోనే ట్రెటియాకాఫ్ అనే ఆయన చూశాడు. నాన్న అంతా విని, "అంటే రంగు వెలిసిందన్నమాట" అన్నారు. ముప్పై అయిదేళ్లు బట్టల కొట్లో కూర్చున్న మనిషి కదా.

రేపు పొద్దున్నే మావయ్యకి ఫోన్ చేసి గట్టిగా అడగాలని ఇందాకటి దాకా అనుకున్నాను. అంతలో ఆ పద్దుల పుస్తకం గుర్తొచ్చింది.

2019, దసరా బేరం. మన పర్లాకిమిడి కొట్లో అరువు పద్దులు నాన్నవే. తెలుగువాళ్ల పేర్లు తెలుగులో, ఒడియావాళ్ల పేర్లు ఒడియాలో. రెండు లిపుల్లోనూ ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. ఆ ఏడు పేజీ తిప్పితే ప్రతి వరుసా ఎడమవైపు మామూలుగా మొదలై, కుడివైపుకి వచ్చేసరికి చీమల బారులా సన్నబడిపోయింది. అరువు వసూలుకి వెళ్లాల్సింది నేను. చిరాకేసింది. కొట్లో ఇద్దరు గిరాకీల ముందే, "ఇలా రాస్తే ఎవడు చదువుతాడు నాన్నా? పెద్దగా రాయడానికేం?" అన్నాను. ఆయన మళ్లీ రాశారు. కలం గట్టిగా నొక్కి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని. మొదటి మూడక్షరాలు పెద్దగా వచ్చాయి. తర్వాత మళ్లీ చీమలే. నేను పుస్తకం లాక్కున్నాను. అక్షరం అలా చిన్నదైపోవడం కూడా ఈ జబ్బేనని తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మావయ్య ఈ రోజు అన్నదీ, నేను ఆ రోజు అన్నదీ ఒకటే మాట. కాబట్టి ఫోన్ చెయ్యను. కానీ తోయడం మాత్రం... పడితే తుంటి ఎముక ఏమయ్యేది? లేదు, ఆ ఒక్కటీ చెప్పాలి. మెల్లగానే చెప్తాను.

సాయంత్రం గది నుంచి వీధి గుమ్మం దాకా అడుగుకో అడ్డగీత ముగ్గు వేశాను. లోపలి నుంచి ఊపు రాకపోయినా, కళ్లెదుట గీత ఉంటే దాటడం తేలికట. నాన్న ఒక్కో గీతా దాటుకుంటూ ఆగకుండా గుమ్మం దాకా వెళ్లారు.

ఇప్పుడే అటక మీంచి ఆ పుస్తకం దించాను. నేను లాక్కున్న పేజీలో చివరి పేరు ఒడియాలో ఉంది, మూడొందల నలభై బాకీ. పేరు ఎంత చూసినా అందట్లేదు. పొద్దున్న మాత్ర వేసుకున్నాక నాన్నని అడగాలి.