మూడు కాదు, నాలుగు

"చూశావా, రీస్టార్ట్ చేస్తే వచ్చేసింది" అన్నారు మా ఆయన పడుకోబోతూ. అనేసి అటు తిరిగారు. ఐదు నిమిషాల్లో గురక. నాకు మాత్రం ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. అందుకే లేచొచ్చి ఇది టైప్ చేస్తున్నాను.

అంతా మూల డబ్బా గురించే, అంటే ఇంట్లో ఒక మూలన పెట్టిన లైనక్స్ కంప్యూటర్ గురించి. నిన్న రాత్రి దానికి కొత్త ఎస్‌ఎస్‌డీ, అదే డేటా దాచుకునే డిస్క్, పెట్టాను. స్క్రూ బిగించి, మూత వేసి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరిగింది. ఇంకేం, పని అయిపోయిందని పడుకున్నాను. పొద్దున్న చూస్తే నెట్‌వర్క్‌లో డబ్బా లేదు. పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని నెట్‌వర్క్‌లో పిలిస్తే, ఉలకదు, పలకదు. ఇంట్లో మిగతా అన్నిటికీ నెట్ వస్తోంది, దీనికే రాదు. దాని మానిటర్, కీబోర్డు ఏనాడో పీకేశాను కాబట్టి మళ్ళీ రెండూ మోసుకెళ్ళి నేల మీద చతికిలపడ్డాను. సెలవు రోజు అలా మొదలైంది.

వెనక్కి వంగి చూస్తే కేబుల్ పక్కన ఆకుపచ్చ లైటు లేదు. కీబోర్డు మీద పై బాణం నొక్కితే పాత కమాండ్ వచ్చింది: ఐపీ లింక్ సెట్ ఈఎన్‌పీ3ఎస్0 అప్. ఈఎన్‌పీ3ఎస్0 అనేది నెట్‌వర్క్ కార్డు పేరు, దాన్ని లేపమని అర్థం. ఎంటర్ కొట్టాను. అసలలాంటి డివైసే లేదంది. లైటు లేదు, డివైసూ లేదు. కార్డు పోయిందనే అనుకున్నాను. ఐపీ లింక్ అని మాత్రమే కొడితే కార్డు కనబడుతోంది మళ్ళీ! డౌన్ అంటోంది గానీ ఉంది. ఒక కమాండ్ లేదంటే ఇంకోటి ఉందంటోంది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన మనిషిని, 'పోయే ముందు కొట్టుకుంటోంది పాపం' అనుకున్నాను.

తర్వాత గంటన్నర కేబుల్‌తోనే. రౌటర్‌లో ఆ రంధ్రం కాదని ఈ రంధ్రం, ఈ కేబుల్ కాదని ఇంకో కేబుల్. చిన్నదాన్ని ఫోన్ టార్చ్ పట్టుకోమంటే రెండు నిమిషాలు పట్టుకుంది. మూడో నిమిషం నుంచి వెలుగు గోడ మీద, సీలింగ్ మీద, నా చెవిలో. ఆ చీకట్లో లాగితే కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ నాలుక టప్పున విరిగింది. అది విరిగాక కేబుల్ దూరుతుంది గానీ నిలవదు, గాలికి కూడా జారేలా ఉంటుంది.

మధ్యమధ్యలో ఈయన తొంగి చూసి "రీస్టార్ట్ చేశావా?" అంటారు. మూడుసార్లు అడిగారు. మూడోసారి నేనేమన్నానో ఇక్కడ రాయను.

ఈ లైటు చూసే అలవాటు నాకు మొదటి ఉద్యోగంలో సార్ అంటించింది. ఎవరు ఏ కంప్లైంట్ చెప్పినా ఆయన నోట ఒకటే మాట, "ముందు వెనక్కెళ్ళి చూడు." అక్కడో మెషిన్‌కి రెండు కార్డులుండేవి, ఒకటి ఆఫీసు వైపు, ఒకటి బయటి నెట్ వైపు. అప్పట్లో కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, ఏ కార్డు ముందు దొరికితే అది ఈత్0, తర్వాతది ఈత్1. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక రెండూ తారుమారయ్యాయి. లోపలిది బయటయింది, బయటిది లోపలయింది, ఆఫీసు మొత్తానికి నెట్ పోయింది. నేను ఫైళ్ళన్నీ తెరుచుకుని చెమటలు కక్కుతుంటే సార్ వచ్చారు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని కింద కూర్చుని, 'లోపల' అని టేపు అంటించిన కేబుల్‌ని, 'బయట' అని అంటించినదాన్ని అటుదిటు మార్చి పెట్టారు. పది సెకన్లు. చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రీబూట్ అయినప్పుడు అవి మళ్ళీ తారుమారయ్యాయి. సార్ మళ్ళీ వచ్చి, మళ్ళీ మార్చారు. చివరికి ఆ టేపుల మీది రాతల్ని ఎవరూ నమ్మడం మానేశాం.

ఇవాళ ఆయన లైటు సూత్రమే నన్ను ముంచింది. చాలా కార్డులకి కెర్నల్ లేపేదాకా లైటే వెలగదు. కేబుల్ తప్పయి ఉంటే, కార్డు లేచి ఉండీ పేరు పక్కన నో క్యారియర్ (కేబుల్‌లో సిగ్నల్ లేదు) అని కనబడాలి. నాకు అది కనబడలేదు, అప్ అన్న మాటా కనబడలేదు. అంటే దాన్ని ఎవరూ లేపనే లేదు. కళ్ళెదుట ఉన్నది చదవకుండా కేబుల్ మీద పడ్డాను.

మధ్యాహ్నం కెర్నల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ తెరిచి, నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ పేరు పట్టుకుని వెతికితే ఆ వరుస దొరికింది. ఈత్0 పేరు ఈఎన్‌పీ4ఎస్0గా మార్చానని రాసుంది. నాలుగు! నేను కొడుతున్నది మూడు, నెట్‌వర్క్ సెట్టింగులుండే ఇంటర్‌ఫేసెస్ ఫైల్లో ఉన్నదీ మూడు. ఆ పేరులో పీ పక్కన ఉండేది పీసీఐ బస్ నంబర్, అంటే కార్డు మదర్‌బోర్డుకి తగులుకున్న దారి నంబర్. కొత్త ఎస్‌ఎస్‌డీ మధ్యలో దూరి ఒక నంబర్ తీసుకుంటే, వెనకున్న కార్డు ఒక అంకె జరిగి కూర్చుంది.

ఫైల్లో రెండు చోట్ల మూడుని నాలుగు చేసి, కార్డుని లేపే ఇఫప్ కమాండ్ కొట్టాను. వెనక లైటు వెలిగింది. అంతే, ఆనందం కూడా అంతే.

ఇక ఈ పేర్లు పెట్టినవాళ్ళని తిట్టిపోద్దామనే కూర్చున్నాను నిజానికి. 2013లో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపించే ప్రోగ్రామ్) 197వ వెర్షన్‌తో వచ్చిందీ పద్ధతి. ప్రెడిక్టబుల్, అంటే ఊహకందే పేర్లట! నా ఊహకైతే అందలేదు. కానీ సార్ సంగతి రాస్తుంటే నోరు పడిపోయింది. కార్డులు అలా తారుమారు కాకూడదనే కదా ఈ పద్ధతి తెచ్చింది. మధ్యలో యూడెవ్ (పరికరాల్ని గుర్తుపట్టి పేర్లు పెట్టే ప్రోగ్రామ్) రూల్స్ ఫైల్ కాలం ఒకటుంది. అది మ్యాక్ అడ్రస్‌ని, అంటే ప్రతి కార్డుకీ తయారీలోనే వేసే నంబర్‌ని, గుర్తుపెట్టుకునేది. కార్డు చెడిపోయి కొత్తది పెడితే పాతది చచ్చినా ఈత్0 దానికే రాసిచ్చి, కొత్తదాన్ని ఈత్1 చేసేది. ఏ కాలం పద్ధతి ఆ కాలంలో ఏడిపించింది. మూడుకీ నాలుగుకీ తేడా చూడనిది నేను. అయినా ఆ 'ఊహకందే' అన్న మాట మాత్రం తీసేస్తే బాగుండేది.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో, తనంతట తాను లేస్తుందో లేదోనని చివర్లో ఒక్కసారి రీబూట్ చేశాను. సరిగ్గా అప్పుడే వచ్చారు ఈయన.

రేపు మ్యాక్ అడ్రస్‌తో ఒక లింక్ ఫైల్ రాసి దానికి ల్యాన్0 అని నేనే పేరు పెడదామనుకుంటున్నాను. ఇంకో ఎస్‌ఎస్‌డీ పెట్టే రోజుకి ఆ ఫైల్ రాసిన సంగతే మర్చిపోతాననీ తెలుసు. నాలుక విరిగిన కేబుల్ ప్రస్తుతానికి టేపు మీద నిలబడింది. చీపురు కూడా ఆ మూలకి పోనివ్వొద్దని చెప్పాను.