రాపహానాక్ మూడోసారి కూడా పడవలెక్కింది

నా యుద్ధరంగపు నమూనాలో రాపహానాక్ నది నీళ్లలా కనిపించాలని పోసిన రెజిన్ (పోశాక గట్టిపడే పారదర్శక ద్రవం) మళ్లీ పడవల మీదికి పాకింది! పొద్దున్నే మూత తీసి చూస్తే ఐదు పడవల చుట్టూ అదే గాజు అంచు.

నేను చేస్తున్న ఘట్టం అమెరికా అంతర్యుద్ధంలోది: ఫ్రెడరిక్స్‌బర్గ్, 1862 డిసెంబర్ 11. ఉత్తరాది సైన్యపు 50వ న్యూయార్క్ ఇంజనీర్లు పడవల వంతెన వేస్తుంటే అవతలి ఒడ్డు ఇళ్లలోంచి దక్షిణాది సేనాని బార్క్స్‌డేల్ మిసిసిపీ సైనికులు కాల్చి పదేపదే ఆపేశారు. నది వెడల్పు అక్కడ సుమారు 400 అడుగులు. 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతుగా చేస్తే, 1.7 మీటర్లవుతుంది, నమూనా కట్టే నా బల్లేమో 60 సెంటీమీటర్లు. సగంలో ఆగిన వంతెన కాబట్టి బతికిపోయాను.

పలకలు, దూలాలు బాగా కుదిరాయి. 31 అడుగుల పడవ 131 మి.మీ. వచ్చింది, పడవకీ పడవకీ మధ్య దూరం 85.

ఇక నీళ్ల సంగతి. మొదటిసారి 6 మి.మీ. ఒకేసారి పోశాను. బాల్సా చెక్క పీల్చేసుకుని 2.5 మి.మీ. పైకి లాగింది, అంటే అసలు కొలతలో 18 సెంటీమీటర్లు! పడవ లోతే 10.6 మి.మీ. కదా, సగం మునిగినట్టు కనిపించింది. రెండోసారి పడవలకి రెండు కోట్లు వార్నిష్ వేస్తే 1.5కి తగ్గింది. నిన్న 3 మి.మీ. చొప్పున రెండు పొరలు పోశాను. అంచు 1 మి.మీ.కి దిగింది గానీ పొరల మధ్య గీత పడింది, పక్కనుంచి చూస్తే కేకు ముక్కే. విజయవాడ ఎండ మీద కూడా నాకు అనుమానం ఉంది. గదిలో 34 డిగ్రీలు, ఆ వేడికి రెజిన్ పలచబడి ఇంకా సులువుగా పాకుతోందేమో. ఏసీ గదిలో పోద్దామంటే ఆ వాసనకి ఇంట్లో ఒప్పుకోరు.

అసలు ఆ చలికాలపు నదికి ఇంత స్పష్టమైన నీళ్లెందుకని రాత్రి తట్టింది. అడుగు కనిపించాలన్న మోజు నాదే. ఈసారి పడవల్ని నీటిమట్టం దగ్గర కోసేసి, వాలేహో కంపెనీ రంగులేసిన బల్ల మీద అతికించి, పైన తడిలా మెరిసే గ్లాసీ జెల్ పూస్తాను. రంగుల్లో నా ఓటు ఎప్పుడూ వాలేహోకే, తమియా కంపెనీ రంగు బ్రష్‌కి లొంగదు.

ఒడ్డున ఇటలేరి కంపెనీ సైనికుల బొమ్మలు రెడీగా ఉన్నాయి. ఉత్తరాది వాళ్ల దాదాపు 150 ఫిరంగులు ఊరిని బాదినా మిసిసిపీ వాళ్ల తుపాకులు ఆగలేదు. చివరికి ఉత్తరాది 7వ మిషిగన్ దళం వాళ్లు ఈ వంతెన పడవల్లోనే ఎక్కి అవతలికి దాటారు. తర్వాతి బల్ల అదే, మూడు పడవలు చాలు. తెడ్లు దేనితో చేయాలో చూడాలి, అగ్గిపుల్ల మరీ లావు.